పురుగులింటి కోడలు

"ఈ బిళ్ళ ఎవరిచ్చినారు? మాట్లాడరేమి ఇద్దురూ?"

రామాంజి చేతిలో జ్వరం మాత్రల అట్ట ఉంది. అందులో ఒక గూడు ఖాళీ. అమ్మ ముందు ఏనాడూ గొంతెత్తని మనిషి అతను. ఇవాళ అతని కేక మల్బరీ తోట దాటి రోడ్డు దాకా వినబడింది.

షెడ్డు గడపకు ఒక పక్క తల్లి రత్నమ్మ, ఇంకో పక్క అత్త చౌడక్క నిలబడ్డారు. ఇద్దరూ మూతులకు గుడ్డలు కట్టుకుని ఉన్నారు కాబట్టి ఎవరి ముఖంలో ఏముందో తెలియలేదు. లోపల మంచం మీద అతని భార్య ఉమారాణి ముడుచుకుని పడుకుని ఉంది. అంత ఎండాకాలంలోనూ దుప్పటి కింద వణుకుతోంది.

పొద్దున థర్మామీటరు పెడితే జ్వరం లేదు. రత్నమ్మే పెట్టింది, రత్నమ్మే చూసింది, తూర్పుకు తిరిగి దండం కూడా పెట్టుకుంది. ఎండ ముదిరేసరికి నూట రెండు!

బ్లడ్ క్యాన్సరుకు మందెక్కించుకుని ఇంటికొచ్చిన మనిషి ఉమారాణి. బెంగళూరులో డాక్టర్లు ఆమెను పంపుతూ అన్ని జాగ్రత్తల కన్నా గట్టిగా చెప్పింది ఒకటే. జ్వరం నూరు దాటితే ఆ గంటలోనే ఆసుపత్రిలో ఉండాలి. అంతకుముందు జ్వరం బిళ్ళ మింగకూడదు. మింగితే జ్వరం దాక్కుంటుంది. రోగం మాత్రం లోపల తన పని తాను చేసుకుంటూ పోతుంది.

"నేనియ్యలా," అంది చౌడక్క. "ధర్మవరం నుంచి నేనొచ్చిందే మొన్న. మీ బిళ్ళలు యాడుంటాయో నాకేం తెలుసు?"

"అయితే నేనిచ్చినానా?" అంది రత్నమ్మ. "బిళ్ళ ఈయకూడదని ఈ ఇంట్లో అందరికన్నా ముందు తెలుసుకునింది నేను."

"తెలుసుకున్యావులే వదినా. పురుగులు మేపే కొట్టంలో నా బిడ్డను పండబెట్టమని ఏ డాక్టరు చెప్పినాడో అది కూడా చెప్పు."

రత్నమ్మకు ఎక్కడ కాలాలో అక్కడే కాలింది.

"కొట్టమంటావేమి? మా ఇంట్లో దేవుని గూడు కన్నా శుద్ధంగా ఉండేది ఈ షెడ్డే. ఎవురినన్నా అడుగు పో!"

అది గొప్పకు అన్న మాట కాదు. పెనుకొండ చుట్టుపక్కల పట్టుపురుగులు మేపేవాళ్ళలో రత్నమ్మ షెడ్డుకు పేరుంది. చెప్పులు బయట వదలాలి. బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్ళలో కాళ్ళు ముంచాలి. చేతులు మోచేతుల దాకా కడగాలి. అంతా అయ్యాక రత్నమ్మ పై నుంచి కింద దాకా ఒకసారి చూస్తుంది. ఆమెకు నచ్చకపోతే సర్పంచి అయినా బయటి నుంచే మాట్లాడి పోవలసిందే. పురుగుకు రోగం తగిలితే ఒక్క పూటలో షెడ్డంతా ఊడ్చేస్తుందని ఆమెకు అనుభవం మీద తెలుసు.

అందుకే, కోడలి ఒంట్లో తెల్లకణాలు పడిపోతాయి, గాలిలో ఉండే క్రిమి కూడా ఆమెకు శత్రువే అని డాక్టరు చెప్పిన రోజున రత్నమ్మ ఇంటినంతా ఒకసారి కలయజూసింది. వంటింటి పొగ, వసారాలో కోళ్ళు, పడమటింట్లో ఎలుకలు. ఏ గదీ ఆమె కంటికి ఆనలేదు. మరుమాట లేకుండా ఆ పంట వద్దనుకుంది. పురుగుల గుడ్లు తేవద్దని కొడుక్కి చెప్పింది. తట్టల స్టాండ్లు బయట వేయించి, గోడలకు సున్నం కొట్టించి, ఈగ దూరని వల కట్టిన ఆ షెడ్డులో కోడలికి మంచం వేయించింది. ఎండలకు పురుగులు తాళలేవని ఏటా కట్టినట్టే కిటికీలకు గోనెపట్టలు కట్టి, రెండు పూటలా తొట్టి నీళ్ళతో తడిపింది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఈ ఇంట్లో షెడ్డు ఖాళీగా ఉండటం అదే మొదటిసారి.

ఇదంతా చౌడక్కకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఆమె ధర్మవరంలో పట్టు దారం కండెలకు చుట్టే మనిషి. పురుగును చూసిందే తక్కువ. ఆమెకు కనబడిందల్లా ఒకటే, అత్తగారు తన బిడ్డను ఇంట్లో ఉంచుకోకుండా బయట పెట్టిందని.

"ఇంక చాలు," అన్నాడు రామాంజి, మాత్రల అట్ట జేబులో పెట్టుకుంటూ. "కారుకు ఫోన్ చేసినా, వస్తాండాది. హిందూపురంలో యువరాజ్ డాక్టరుకు చెప్పినా. మీ ఇద్దురి కొట్లాట వచ్చినాక పెట్టుకోండి."

*

కారులో రామాంజి ముందు కూర్చుని డాక్టరుతో, బెంగళూరుతో మార్చి మార్చి ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాడు. వెనక ఇద్దరు తల్లుల మధ్యన ఉమారాణి. సోమందేపల్లి దాటేదాకా వెనక సీట్లో ఒక్క మాట లేదు.

రోడ్డు గతుకులకు ఉమారాణి తల వాలింది. వాలింది రత్నమ్మ భుజం మీదికి. చౌడక్క అది చూసి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

రత్నమ్మ ఎడమ చేత్తో కోడలి నుదురు తుడిచింది. కుడిచేతి చూపుడువేలికి నిన్నటి నుంచి గోరుచుట్టు లేచి సలుపుతోంది. పసుపూ సున్నమూ పెట్టి గుడ్డపీలిక చుట్టింది. ఆ చేయి కోడలికి తగలకుండా కొంగులో పెట్టుకుని కూర్చుంది.

"అత్తా..."

"చెప్పు బిడ్డా."

"బిళ్ళ నేనే ఏసుకున్యా."

రత్నమ్మ చేయి ఆగిపోయింది.

"ఎప్పుడే?"

"నిన్న సాయంత్రం. చలి పెట్టె. నువ్వేమో పోతులయ్య మామ వాళ్ళింటికి పోయింటివి."

నిన్న పోతులయ్య షెడ్డులో పురుగులు పండాయి. మేత మానేసి, ఒళ్ళు పచ్చబడి, తలలెత్తి గూడు కట్టడానికి చోటు వెతుక్కునే పురుగుల్ని ఆ పూటే ఏరి చంద్రికలనే వెదురు తట్టల మీద వేయకపోతే పంట చెడుతుంది. అలాంటి రోజున వీధి వీధంతా ఆ ఇంటికి పోతారు. రత్నమ్మ వేళ్ళంత చురుకు ఆ ఊళ్ళో ఇంకెవరికీ లేదని అందరూ ఒప్పుకుంటారు. అందుకే పోతులయ్య పెళ్ళాం వచ్చి చేయి పట్టుకుని పిలిచింది. రత్నమ్మ వద్దు వద్దంటూనే లేచింది. కోడలే తోలింది, పో అత్తా, అమ్మ ఉండాది కదా అని.

"ఫోన్ చేసింటే పారొచ్చేదాన్ని కదే!"

"అందుకే చెయ్యలా." ఉమారాణికి ఊపిరి అందడం లేదు. అయినా చెప్పాలనే చూస్తోంది. "ఎన్నాళ్ళయిందత్తా నువ్వట్లా నగుతా పోయేది. కొంగు దోపుకోని... చిన్నపిల్ల మాదిరి పోతివి. నా వల్ల అదీ నిల్చిపోతే ఎట్ల అనుకుంటి. తెల్లారితే తగ్గిపోతాదిలే అని..."

తిట్టాలని రత్నమ్మకు నోటి చివరి దాకా వచ్చింది. ఈ కోడలిని తిట్టడం ఆమెకు కొత్తేమీ కాదు. సంగటి ముద్ద మెత్తనయిందని తిట్టింది, ముదురాకు కోసిందని తిట్టింది, జబ్బని తెలిశాక కూడా గంజి వదిలేసిందని తిట్టింది. ఇప్పుడు మాత్రం కోడలి తల జారకుండా భుజం సర్దింది.

"ఎర్రిదానా," అంది. "నా నగువు యాడికి పోతాదే? నువ్వు బాగైతే దినామూ నగుతా. నిన్నూ నగిస్తా. విన్యావా?"

కిటికీ వైపు నుంచి చౌడక్క గొంతు వచ్చింది. "ఇంట్లో నేనుంటి కదమ్మా. నాతో అన్నా చెప్పకూడదా?"

"నీకు చెప్తే ఏడుస్తావు కదమ్మా."

చౌడక్క నిజంగానే ఏడుస్తోంది. రత్నమ్మ తన వైపు ఉన్న నీళ్ళసీసా వియ్యపురాలికి అందించింది. చౌడక్క అందుకుంది.

*

హిందూపురం ఆసుపత్రిలో యువరాజ్ డాక్టరు వాకిట్లోనే ఎదురుచూస్తూ ఉన్నాడు. కుర్ర డాక్టరు. కాగితాలు తర్వాత అన్నాడు. రెండు చేతుల నుంచి వేరువేరుగా రక్తం తీయించి, వెంటనే ఇంజక్షను పెట్టించాడు. రక్తపరీక్ష వచ్చాక ముగ్గురినీ వరండాలోకి పిలిచాడు.

"జ్వరం ఎప్పుడు మొదలైంది?"

"ఈ పొద్దే సార్," అన్నాడు రామాంజి.

"కాదు," అంది రత్నమ్మ. "నిన్న సాయంత్రం వచ్చింది. బిళ్ళ ఏస్తే తగ్గింది. నేనే ఇచ్చినా."

రామాంజి తల్లి వైపు తిరిగాడు. అరవలేదు. ఆ చూపు కన్నా అరిచి ఉంటేనే బాగుండేదని రత్నమ్మకు అనిపించింది. అయినా చెప్పిన మాట వెనక్కి తీసుకోలేదు. ఒళ్ళు కాలిపోతూ పడుకున్న పిల్ల మీద మొగుడు కోపం చేసుకుంటే ఆమె చూసి తట్టుకోలేదు.

చౌడక్క ఒక అడుగు ముందుకేసింది. ఆమె నిజం చెప్పేస్తుందేమో అని రత్నమ్మ భయపడింది.

"వదిన ఒక్కతే కాదప్పా," అంది చౌడక్క అల్లుడితో. "నేనూ ఆడనే ఉండా. నేనూ అడ్డం చెప్పలా."

వియ్యపురాండ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెళ్ళినాటి నుంచి వాళ్ళు ఒక్క మాట మీద నిలబడింది అప్పుడే.

"ఎవరిచ్చారన్నది వదిలేయండి," అన్నాడు డాక్టరు. "ఒక రాత్రి పోయింది, అదీ సంగతి. ఆమె ఒంట్లో తెల్లకణాలు దాదాపు లేవు. మనకు క్రిమి సోకితే అక్కడ వాస్తుంది, ఎర్రబడుతుంది, చీము పడుతుంది. ఆమెకు అవేవీ రావు. చీము పట్టాలన్నా ఆ కణాలే కావాలి కదా. ఆమె ఒళ్ళు చెప్పగలిగింది జ్వరం ఒక్కటే. దాన్ని మాత్ర మూసేసింది. ఇంట్లో ఎక్కడ ఉంచారు?"

రత్నమ్మ చెప్పింది. సున్నం సంగతి, బ్లీచింగ్ సంగతి, వల సంగతి చెబుతుంటే ఆమెకు తెలియకుండానే గొంతులో కొంచెం ధీమా వచ్చింది. డాక్టరు కూడా మెచ్చుకోలుగా తలాడించాడు. గోనెపట్టల మాట వచ్చేసరికి ఆపాడు.

"ఎప్పుడూ తడిగానే ఉంటాయా?"

"తడి ఆరనియ్యను సార్. లోపల సల్లగా ఉండల్ల కదా. పురుగులకైతే..."

"పురుగులకు మంచిదేనమ్మా. ఈమెకు కాదు. పట్టలు నానుతూ ఉంటే వాటిలో క్రిములు పెరుగుతాయి, ఆ గాలే ఆమె పీలుస్తుంది. వెళ్ళగానే తీసేయండి."

రెండు పూటలా బిందెలు మోసి రత్నమ్మ తడిపిన పట్టలవి.

"వాటివల్లే వచ్చిందా సార్?"

"అని నేను అనను. చాలాసార్లు మనిషి పేగుల్లో, చర్మం మీద ఉండే క్రిములే ఇలా ఎదురు తిరుగుతాయి. రక్తం పరీక్షకు పంపాం, ఏ క్రిమో తేలడానికి టైము పడుతుంది. మీ షెడ్డు ఆమెను ఇన్నాళ్ళు కాపాడింది కూడా. అదీ నిజమే."

చౌడక్క రత్నమ్మ వైపు చూసింది. పొద్దున తాను అన్న మాటను ఇప్పుడు ఎత్తిపొడవడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. ఆమె ఎత్తలేదు. వియ్యపురాలి భుజం మీద చేయి వేసి, అక్కడే ఉంచింది.

అంతలో లోపలి నుంచి నర్సు పరుగున వచ్చి డాక్టరును పిలిచింది. ఉమారాణి బీపీ పడిపోతోంది.

*

బెంగళూరుకు పంపాలని తేల్చారు. ఆమెకు వైద్యం చేస్తున్న డాక్టర్లు అక్కడ బెడ్డు సిద్ధం చేస్తున్నారు. ఇక్కడ చేయగలిగింది చేశారు, సెలైను ఎక్కుతోంది, బీపీ కాస్త నిలబడింది. దారిలో ఒక నర్సు ఉంటుంది. అంబులెన్సు ముందు సీట్లో రామాంజి. వెనక రోగి పక్కన ఇంటి ఆడమనిషి ఒకరికే చోటు.

"ఎవరొస్తారమ్మా?" అంది నర్సు.

చౌడక్క అప్పటికే చెంగు బిగించి నిలబడింది. కన్నతల్లి కాక ఇంకెవరు పోతారు?

స్ట్రెచరు మీది నుంచి ఉమారాణి కళ్ళు తెరిచింది. "అత్త రానీ," అంది.

చౌడక్క ముఖం చిన్నబోయింది. చెంగు బిగించిన చేయి కిందికి వాలింది. రత్నమ్మకు మొదట కలిగింది సంతోషం. ఆ సంతోషానికి ఆ క్షణమే సిగ్గుపడింది కూడా. అయినా కాళ్ళు ఆగలేదు. నర్సు ఆమె ఎడమ చేతిలో క్రిములు చచ్చే మందు పోసింది, రుద్దుకోమంది. కుడి చేయి కొంగులోనే ఉంది. నర్సు చూడలేదు. ఎవరూ చూడలేదు. రత్నమ్మ అంబులెన్సు మెట్టు మీద కాలు పెట్టింది.

కోడలు చేయి చాపింది, పట్టుకో అత్తా అన్నట్టు.

అప్పుడు రత్నమ్మ కాలు వెనక్కి తీసింది.

"నేను పోను," అంది.

ఉమారాణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కోపమా అత్తా?"

"కోపం కాదే, నా బంగారూ." రత్నమ్మ కొంగులోంచి చేయి తీసి, పీలిక విప్పి నర్సుకు చూపించింది. వేలు గోరు చుట్టూ వాచి, పచ్చగా చీము పట్టి ఉంది.

నర్సు ఉలిక్కిపడింది. "అయ్యో! ఈ చేత్తో అసలు దగ్గరికే రావద్దు. మంచిపని చేశావు చెప్పి."

రత్నమ్మ ఆ వేలిని చూసుకుంది. చీము పట్టాలన్నా కణాలే కావాలని డాక్టరు చెప్పిన మాట ఆమె మనసులో మెదిలింది. ఈ పాడు చీము పట్టే సత్తువ కోడలికి ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకుంది. తనకు ఎందుకూ పనికిరాని ఆ సత్తువను ఎత్తి ఇచ్చే దారి లేదు కదా అని ఏడుపొచ్చింది.

ఏడవడానికి టైము లేదు. చౌడక్కను పక్కకు లాగింది, అది కూడా ఎడమ చేత్తో.

"వదినా, చెప్పేది బాగా విను. కాంచి సల్లార్చిన నీళ్ళే ఇయ్యి. గ్లాసు పట్టుకునే ముందు చెయ్యి కడుక్కో, ఇచ్చినాక కడుక్కో. ఎడం పక్కకు తిరిగి పండుకుంటాది. కుడి పక్కకు తిరిగితే యాడో నొప్పి ఉండాదని అర్థం."

"ఊ."

"సతాయిస్తే భయపడొద్దు. నీళ్ళు కావల్ల, ఫ్యాను కావల్ల, అది ఏది, ఇది ఏది అని అడుగుతాంటే బాగున్నట్టే లెక్క. బాగా ఎక్కువైనప్పుడే ఏమీ అడగదు. ఎట్లుండావంటే 'ఏం లేదు' అంటాది. ఆ మాట అనిందంటే మాత్రం నమ్మొద్దు. నర్సుకు చెప్పు, డాక్టరుకు చెప్పు, కేకలెయ్యి, ఏమన్నా చెయ్యి."

"నా కడుపున పుట్టిన బిడ్డ వదినా. నాకు తెల్దా?" అంది చౌడక్క, అలవాటు కొద్దీ.

ఆ మాట అన్నాక ఆమే తల అడ్డంగా ఆడించింది. "తెల్దు వదినా. పెండ్లి చేసి పంపినాక ఏడాదికి నాలుగు దినాలు సూస్తే ఏం తెలుస్తాది? ఇంగోసారి చెప్పు. ఎడం పక్కకా, కుడి పక్కకా?"

రత్నమ్మ మళ్ళీ చెప్పింది. తలుపులు మూశారు. బండి ఆసుపత్రి గేటు దాటి, కూరగాయల బండ్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ పోయింది. అది మలుపు తిరిగే దాకా రత్నమ్మ అక్కడే నిలబడింది.

*

"వేలు కోయాలమ్మా, కూర్చో," అన్నాడు యువరాజ్ డాక్టరు. మత్తు సూది వేసి చీము తీస్తుంటే రత్నమ్మ అటు చూడలేదు. ఎడమ చేతిలో ఫోను పెట్టుకుని దాన్నే చూస్తోంది. కట్టు కడుతుండగా అది మోగింది.

"వదినా," అంది అవతల చౌడక్క. వెనక సైరను మోత.

"యాడుండారు?"

"గౌరీబిదనూరు దాటినాము."

"బిడ్డ ఎట్లుండాది?"

"నీళ్ళు అడిగె వదినా. గుక్కెడు పోసినా. ఈ బండికి ఫ్యాను లేదా అనె. మా అత్త వేలు కోసినారా, అడుగు అనె. అందుకే చేస్తి ఫోను."

రత్నమ్మకు నవ్వొచ్చింది. "సతాయిస్తాందా? సతాయించనీ వదినా. కోసినారని చెప్పు. నొప్పే లేదని చెప్పు."

"ఉండు, చెప్తా."

చౌడక్క ఫోను పక్కకు తీసి బిడ్డతో మాట్లాడటం వినిపించింది. ఉమా, అత్త వేలు కోసినారంట, నొప్పి లేదంట. ఏమ్మా? ఎట్లుండాదమ్మా నీకు?

అవతల కాసేపు సైరను మాత్రమే వినబడింది.

"వదినా..." చౌడక్క గొంతు మారిపోయింది. "ఏం లేదమ్మా అనె."

రత్నమ్మ కుర్చీలోంచి లేచింది. సగం కట్టిన కట్టు వేలాడుతోంది.

"నర్సమ్మకు చెప్పు వదినా! ఫోను పెట్టొద్దు. ముందు నర్సమ్మకు చెప్పు!"

ఫోను ఎక్కడో పడిన చప్పుడు. నర్సు ఏదో గట్టిగా అడుగుతోంది. బండి ఆపమని చౌడక్క అరుస్తోంది. ముందు సీట్లోంచి కాబోలు, రామాంజి ఉమా, ఉమా అని పిలుస్తున్నాడు.

రత్నమ్మ ఫోను చెవికి అదిమి పట్టుకుని వింటూనే ఉంది. అందరి గొంతులూ వినబడుతున్నాయి. ఉమారాణి గొంతు మాత్రం వినబడటం లేదు.